చెప్పలేదు, చూపించినానంతే

హోసూరునుంచి జవళగిరి దాటి అడవి అంచుకు పోతే ఒక పల్లె వస్తుంది. గొర్రెలు, రాగిచేలు, చీకటి పడితే ఏనుగుల భయం, తెల్లవారితే మంచు. ఆ ఊళ్లో ఏటా మారెమ్మకు దీపాలు ఎత్తుతారు. బియ్యప్పిండీ బెల్లమూ కలిపి దంచి తంబిట్టు చేస్తారు. ఆ ముద్దను దీపంలా మలిచి, నడుమ గుంత చేసి నెయ్యి పోసి వత్తి వెలిగిస్తారు. పళ్లెంలో పెట్టి చుట్టూ పూలు కట్టి, ఆడపిల్లలు తలమీద ఎత్తుకుని పలక డప్పుల దరువు వెంబడి గుడిదాకా నడుస్తారు. అట్లా నడిచేవాళ్లలో ఎవరో ఒకరి మీదికి అమ్మ వస్తుంది. ఎవరి మీదికి అన్నది ముందుగా ఎవరికీ తెలియదు, అమ్మకు తప్ప.

వచ్చిన అమ్మ ఏదో ఒక మాట చెబుతుంది, ఊరంతా చెవులు రిక్కించి వింటుంది. అమ్మ దిగిపోయాక మాత్రం ఆ బిడ్డకు ఎవరూ ఏమీ చెప్పరు. నువ్విట్లా ఊగావని గానీ, జుట్టు విరబోసుకున్నావని గానీ, ఇట్లా అన్నావని గానీ, ఊహూ, ఒక్క ముక్క నోరు జారరు. అది ఆ ఊరి కట్టు. వేపాకు నీళ్లు మొహాన చల్లి, "లేసినావా తల్లీ? బాగా నిద్ర పట్టిందా?" అని అడుగుతారు. ఆ తర్వాత రాగుల ధర సంగతో, వాన సంగతో ఎత్తుకుంటారు. మిట్టమధ్యాహ్నం ఎండలో, పలకల మోతలో, అంతమంది నడుమ నిలబడి పోయిన నిద్ర! అయినా సరే, ఊరు దాన్ని నిద్రే అంటుంది.

ఆ ఊళ్లో పాపక్క అని ఒక అవ్వ ఉంది. ఆమె మీదికి వయసులో ఉండగా అమ్మ చాలాసార్లు వచ్చిందట. ఏమందో ఆమెకు ఈనాటికీ తెలియదు. విన్నవాళ్లలో సగంమంది మట్టిలో కలిసిపోయారు, మిగిలినవాళ్లు చెప్పరు. "నా మాటలు ఊరి దగ్గర దాసిపెట్టుండాను" అని నవ్వుతుంది పాపక్క.

ఈసారి అమ్మ పాపక్క మనవరాలు మంజుశ్రీ మీదికి వచ్చింది.

మంజుశ్రీ అమ్మానాన్నలు బర్గూరు పక్కన గ్రానైట్ పనికి పోయి అక్కడే నిలిచిపోయారు. పిల్ల అవ్వ దగ్గరే పెరిగింది. ఇప్పుడు హోసూరులో హాస్టల్లో ఉంటూ, ఫోన్లలో కెమెరాకు పెట్టే గాజుబిళ్లలు తయారయ్యే కంపెనీలో పని చేస్తోంది. పని ఏమిటంటే, మినపగింజంత గాజును భూతద్దం కింద పెట్టి దుమ్ము ఉందా, గీత ఉందా అని చూడడం. పొద్దంతా చిన్న చిన్న కళ్లలోకి చూస్తూ కూర్చుంటుంది. ఒక వారం పగలు, ఒక వారం సాయంత్రం, ఒక వారం రాత్రి. అట్లా తిరిగి తిరిగి ఆ పిల్లకు నిద్ర ఎక్కడో దారి తప్పింది. పగలు పడుకుంటే వెలుతురు, రాత్రి పడుకుంటే అలవాటు లేదు. కళ్లు తెరిచే ఉంటాయి గానీ, చూసేదంతా తడిగుడ్డ చాటునుంచి చూసినట్టు ఉంటుంది.

ఫోను విషయంలో మాత్రం అంత జాగ్రత్త మనిషి ఇంకొకరు లేరు. ఆమె ఖాతాకు తాళం ఉంటుంది. పేరు ఉండాల్సిన చోట 'తెల్ల రోజా', బొమ్మ ఉండాల్సిన చోట నిజంగానే ఒక తెల్ల రోజా. గోరింట పెట్టిన చెయ్యి పెడుతుంది, టీ గ్లాసు పెడుతుంది, హాస్టల్ కిటికీ మీద వాన పెడుతుంది. మొహం ఎన్నడూ పెట్టలేదు, ఊరి పేరు పెట్టలేదు. ఎవరైనా చూస్తామని అడిగితే రెండు రోజులు ఆలోచించి గానీ ఒప్పుకోదు. పల్లెలో అవ్వ ఇంటి తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. ఫోనులో మనవరాలికి గొళ్లెం మీద గొళ్లెం! ఎందుకే ఇంత భయం అని హాస్టల్ పిల్లలు నవ్వితే, "మొగం ఒకసారి బయటికి పోతే, గొర్రె మాదిరి సాయంత్రానికి ఇంటికి తిరిగొస్తాదా?" అనేది.

పండుగ మంగళవారం నాడు రాత్రి షిఫ్టు దిగీ దిగగానే బస్సెక్కి ఊరికి వచ్చింది. స్నానం చేసి పట్టుపావడా కట్టింది, దీపం ఎత్తింది. నెయ్యి వాసన, మల్లెల వాసన, పలకల దెబ్బ. ఎండ తెల్లగా, మరీ తెల్లగా అయింది. ఆ తర్వాత ఏమీ లేదు. గోరువెచ్చని పాలలోకి మెల్లగా మునిగినట్టు ఒక్కటే గుర్తు. లేచేసరికి వేపాకు తడి, అవ్వ మొహం, పైన ఆకాశం. ఒళ్లు దూదిలా తేలిగ్గా ఉంది. ఎన్ని నెలల తర్వాతో!

"బాగా నిద్ర పట్టిందామ్మా?" అంది అవ్వ.

"పట్టిందవ్వా" అంది మంజుశ్రీ. ఆ మాట అంటుంటే ఊరికే కళ్లలో నీళ్లు వచ్చాయి.

మర్నాడు హోసూరుకు తిరిగి వచ్చి కంపెనీ బస్సెక్కింది. కిటికీకి తల ఆనించి కూర్చుంటే ముందు సీటులోంచి ఒక గొంతు వినిపించింది.

"బిడ్డను పండుకోనీండ్రా... కండ్లు మండిపోతాండాయి... పండుకోనీండ్రా!"

ఆడగొంతే గానీ లోతైన బావిలోంచి వచ్చినట్టు ఉంది. బస్సులో పిల్లలంతా పకపకా నవ్వారు. ఒకమ్మాయి ఫోనులో ఒక పిల్లి నాలుగు కాళ్లూ పైకెత్తి పడుకుని ఉంది, దాని మీద ఈ గొంతు. మంజుశ్రీకి ఒళ్లు జలదరించింది. తెలిసిన గొంతులా ఉంది, ఎవరిదో తెలియలేదు. కల అనుకుని కళ్లు మూసుకుంది.

సాయంత్రం బస్టాండు దగ్గర టీ అంగడిలో మళ్లీ అదే గొంతు. ఈసారి ఊయలలో పసిబిడ్డ మీద. మర్నాడు ఫ్లైఓవరు కింద ఒక ఆటోలో, డ్రైవరు స్టీరింగు మీద తలపెట్టి నిద్రపోతుంటే పక్కవాడు తీసిన వీడియో మీద. ఎక్కడికి పోయినా ఆ గొంతు ఆమెకంటే ముందే పోయి కూర్చుని ఉంది. హోసూరంతా ఆ గొంతుతో నిద్ర అడుగుతున్నట్టు ఉంది.

చివరికి హాస్టల్లో పక్క మంచం మధుమిత, కృష్ణగిరి పిల్ల, ఫోను పట్టుకుని పరుగెత్తుకు వచ్చింది.

"ఒసే మంజూ! ఇది నువ్వే గదే?"

మంజుశ్రీకి అప్పుడు అర్థమైంది. రెండు చేతులతో కళ్లు మూసుకుంది.

"చూపించొద్దు!"

"చూడకుంటే ఎట్లే? పిల్లులూ పాపలూ అంతా తరవాత. ముందర వచ్చింది ఈ వీడియో. నీ మొగం తేటగా కనపడతాండాది. జుట్టంతా ఇట్ల..."

"చెప్పొద్దు కూడా! మా ఊళ్లో చెప్పగూడదు."

"అయ్యో కడవుళే, దేవుడా! కంప్లైంటు కొట్టాలంటే చూడాల గదే?"

"నువ్వు చూసి కొట్టు. నేను కండ్లు మూసుకోనుంటాను."

మధుమిత చూసి కొట్టింది. పాపం, ఒకటి కొడితే పది కనబడ్డాయి, పదికీ కొట్టింది. జవాబు వచ్చేదాకా ఇద్దరూ దుప్పటి కప్పుకుని కూర్చున్నారు, కోడి గుడ్లు పొదిగినట్టు.

"వచ్చింది. నిబంధనలకు విరుద్ధంగా ఏమీ లేదంట."

"ఎవురి నిబంధనలకు? వాళ్లవా, మా ఊరివా?"

"మీ ఊరి మారెమ్మకు ఆఫీసు యాడుండాది మే, వీళ్లు పోయి అడిగేదానికి!" అని, మధుమిత గొంతు తగ్గించింది. "ఇట్ల చూడు. నువ్వే ఖాతా తెరిచెయ్. అది నేనే అని మొగం చూపించి నాలుగు మాటలు చెప్పు. నవ్వేవాళ్లు నోరు మూసుకుంటారు. దాక్కుంటేనే దొంగ అంటారు, ఎదురుగా నిలబడితే రాణి."

"అది నేను గాదు గదా మధూ. నేనే అని ఎట్ల చెప్పేది? నేను గాదని మాత్రం ఎట్ల చెప్పేది?"

మధుమిత మళ్లీ ఫోను వైపు తిరిగింది. ఆ మొదటి వీడియో పెట్టిందెవరో కనిపెట్టింది. పేరు చదవగానే మంజుశ్రీ లేచి చున్నీ కప్పుకుంది.

ముఖేశ్ ఆమె మేనమామ కొడుకు. బాగలూరు తోటల్లోంచి హోసూరు మార్కెట్టుకు రోజాపూలు తోలుతాడు. తెల్లవారుజామున బండి దింపుకుని టీ తాగుతుంటే మరదలు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎందుకు పెట్టినావు బావా?"

"ఏందీ? ఓ, అదా!" మొహం చాటంత అయింది వాడికి. "ఎంతమంది చూసినారో తెలుసునా? బెంగళూరులో, దుబాయిలో గూడా మన మారెమ్మకు దండం పెడతాండారు మే!"

"దండం పెడతాండారా, నవ్వుతాండారా?"

"కొందురు నవ్వుతారు. గుడికొచ్చేవాళ్లంతా భక్తులేనా? చెప్పులెత్తుకోని పోయేదానికి వచ్చేవాళ్లు గూడా ఉంటారు."

"కట్టు తప్పినావు."

"లేదు!" ముఖేశ్‌కు నిజంగానే రోషం వచ్చింది. "కట్టు ఏంది? బిడ్డకు చెప్పగూడదు. నేను నోరు తెరిసి నీకు ఒక మాటన్నా చెప్పినానా? చెప్పలేదు, చూపించినానంతే. అదీ నీకు గాదు, పైవాళ్లకు. పెట్టేముందు ఎంత ఆలోచించినానో తెలుసునా!"

వాడు అబద్ధం ఆడడం లేదు. ఆ కట్టు పెట్టిన పెద్దల కాలంలో చెప్పేది నోరొక్కటే. నోటికి తాళం వేస్తే చాలనుకున్నారు, వేసి పోయారు. ఇన్నేళ్లూ చాలింది కూడా.

మంజుశ్రీ రోజాల బుట్ట మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ పిల్ల కళ్ల కింద నలుపు చూసి ముఖేశ్ టీ గ్లాసు కింద పెట్టాడు. ఫోను తీసి ఆ వీడియో ఆమె ఎదుటే చెరిపేశాడు.

"తీసేసినా మే."

"ఎత్తుకోని పోయినవాళ్ల దగ్గరుండేవి?"

దొడ్డి తడిక తీసి మరిచిపోయి, మంద పోయాక గుర్తు తెచ్చుకున్నవాడిలా నేలచూపులు చూశాడు. "మంగళవారం మరుదీపం ఉండాది. వస్తావు గదా?" అన్నాడు.

"రాను."

మరుదీపం అంటే అమ్మను సాగనంపడం. అమ్మ ఎవరి మీదికి వచ్చిందో ఆ బిడ్డే వచ్చే మంగళవారం మళ్లీ ఒక్కతే దీపం ఎత్తాలి. ఎత్తకపోతే అమ్మ పోదు, పండుగ ముగియదు. ఊళ్లో పెళ్లి మాట ఎత్తరు, గొర్రెలకు బొచ్చు కత్తిరించరు. అది ఊరి కష్టం. మంజుశ్రీ కష్టం వేరు. ఈ లోకంలో తనను తాను వదిలేసి, మళ్లీ భద్రంగా తీసుకోగల చోటు ఆమెకు అదొక్కటే. అక్కడే గదా అంత గట్టిగా నిద్రపోయింది. ఇప్పుడు అక్కడ కూడా అందరి చేతుల్లో ఫోన్ల కళ్లు తెరుచుకుని ఉంటాయి, తాను దుమ్ము వెతికి పంపిన కళ్లే. పోతే మళ్లీ లోకమంతా చూస్తుంది. పోకపోతే ఆ చోటు ఇక లేనట్టే.

మర్నాడు అవ్వ ఫోను చేసింది.

"ఏమ్మా, రానంటివంట?"

"రాను అవ్వా. అందురూ చూసినారు."

"చూస్తే ఏమాయె? వాళ్లు చూసింది అమ్మను. నువ్వాడ యాడుంటివి?"

"మొగం నాదే గదవ్వా."

  ఫోనులో కోళ్లు కొక్కొరొకోమనడం వినిపించింది.

"నువ్వు నిద్రపోతే ఊరు చూసె, ఊరు మర్సిపోయె" అంది మంజుశ్రీ. "ఈ ఫోను మర్సిపోదవ్వా. నేను ముసిలిదాన్నయినా మర్సిపోదు."

"నిజమేమ్మా. మర్సిపోవాలంటే మనసుండాల. దానికి యాడుండాది!"

"వస్తే ఒకటే మాట. నన్ను ఎవురూ చూడగూడదు."

"ఎట్లమ్మే అది? దీపమెత్తే బిడ్డను చూడకుంటే ఊరు ఒప్పుతాదా?"

"అది నాకు తెలీదు. నువ్వు పెద్దదానివి."

 "రా. సూస్తాం" అంది అవ్వ.

మంగళవారం మంజుశ్రీ చున్నీతో మొహం చుట్టుకుని ఊరివైపు పోయే తళి బస్సెక్కింది. మంచులో నీలగిరి చెట్లు ఒకటొకటే వచ్చి మాయమైపోతున్నాయి. వెనక సీటులో ఎవరిదో ఫోను నిద్రపోనీయమని బతిమాలుతోంది. ఆమెకు ఇప్పుడు కోపం కూడా రాలేదు. పాపం, ఎవరో అలిసిపోయిన మనిషి అనుకుంది.

ఊళ్లోకి రాగానే కాళ్లు ఆగిపోయాయి. బండ్లే బండ్లు. హోసూరు వాళ్లు, కర్ణాటక వాళ్లు, కర్రకు ఫోను తగిలించుకున్న కుర్రాళ్లు. వాళ్లలో ఒకడు ఆమెనే ఆపి అడిగాడు.

"అక్కా, నిద్రమ్మ అంటారే, ఆమె ఇల్లు యాడక్కా?"

"తెలీదన్నా. నేనూ చూసేదానికే వచ్చినాను" అంది మంజుశ్రీ. అని తనే ఆశ్చర్యపోయింది, నవ్వొచ్చింది.

ఇంటి దగ్గర పాపక్క అటకమీది కంబళ్లన్నీ దించి ఎండలో పరిచి ఉంచింది. నల్లటి పాత కంబళ్లు, గొర్రెబొచ్చువి, ఒక్కొక్కటి దొడ్డి తడికంత. పూజారి ముత్తప్ప అరుగు మీద మొహం ముడుచుకుని కూర్చున్నాడు.

"అమ్మను గుడ్డల్లో మూసిపెట్టి తీసకపోతావా పాపక్కా? యాడన్నా ఉండాదా ఈ వింత?"

"బయల్లో గొర్రె ఈనేటప్పుడు ఏం చేస్తామప్పా? కుక్కలూ కాకులూ చూడకుండా కంబళి అడ్డం పట్టమా? గొర్రెకుండే మర్యాద నా బిడ్డకు లేదా?"

"అది గొర్రె. ఇది అమ్మ."

"అమ్మకైతే ఇంకా ఎక్కువుండాల. నీ గర్భగుడికి తలుపుండాదా, లేదా? ఎందుకుండాదో చెప్పు."

ముత్తప్ప కండువా దులిపి భుజాన వేసుకుని లేచాడు. "పలకలోళ్లను పిలుస్తాను" అన్నాడు.

నలుగురు ఆడవాళ్లు కట్టెలకు కంబళ్లు కట్టి నాలుగు పక్కలా ఎత్తి పట్టుకున్నారు. పైన ఇంకొకటి కప్పారు. ఆ నడుమ దీపమెత్తిన మంజుశ్రీ, వెనక అవ్వ. నడిచే చీకటి గది అది. ముఖేశ్ ముందు నడుస్తూ దారి చేస్తున్నాడు.

"బ్రో, ఒక్క క్లిప్పు! కంబళి కొంచెం ఎత్తమని చెప్పు బ్రో!"

"కంబళినే తీసుకో అన్నా. మంచి కంబళి. మా తాత నేయించింది" అన్నాడు ముఖేశ్.

లోపల గొర్రెల వాసన, పొగ వాసన, ఎప్పటెప్పటివో వానల వాసన. కంబళి నేతలోని సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా దిగుతోంది, మిట్టమధ్యాహ్నం నక్షత్రాలు పొడిచినట్టు. కింద అంచు దగ్గర ఆడవాళ్ల పాదాలు, మెట్టెలు, దుమ్ము. పలకలు పక్కనే మోగుతున్నా ఎక్కడో కొండ అవతల మోగుతున్నట్టు ఉన్నాయి. మంజుశ్రీ అమ్మకోసం కాచుకుంది. వస్తే ఎట్లా అనుకుంది, రాకపోతే ఎట్లా అనుకుంది. గుడి ముందుకు వచ్చేసరికి ఆ రెండు ఆలోచనలూ ఒకదాని మీద ఒకటి తలవాల్చాయి. తలమీద పళ్లెం ఒరిగింది. అవ్వ చప్పున పళ్లెం అందుకుని పక్కన పెట్టింది. ఆ పిల్ల కింద కూలబడి, అవ్వ ఒళ్లో తలపెట్టింది.

బయట ముత్తప్ప కర్పూరం వెలిగించి గొంతెత్తాడు.

"అమ్మా! వచ్చినావా? ఊరికేమన్నా చెప్పేదుండాదా?"

ఫోన్లన్నీ పైకి లేచి ఆ నల్లటి ఉన్నిని చూస్తున్నాయి.

"అమ్మా! మా మీద ఏమన్నా తప్పుండాదా తల్లీ?"

కంబళి లోపలినుంచి పాపక్క గొంతు వచ్చింది. "పలకలు ఆపండప్పా. పండుకోనుండాది."

"ఎవురు? అమ్మా, బిడ్డా?"

"నాకేం తెలుసు? నువ్వొచ్చి లేపి అడుగుతావా?"

ముత్తప్ప ఆలోచించాడు. అమ్మయితే లేపేంత ధైర్యం ఎవడికుంది? బిడ్డయితే లేపడానికి మనసెవరికి వస్తుంది? చెయ్యి ఎత్తాడు. పలకలు ఆగిపోయాయి.

అంత జనమూ అట్లా నిలబడిపోయింది. మొదట్లో గుసగుసలు వినబడ్డాయి, తర్వాత అవీ ఆగాయి. ముఖేశ్ వేలు పెదాలమీద పెట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ పోయి దండం పెడుతున్నాడు. కంబళి పట్టుకున్న ఆడవాళ్లు కట్టెలను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకోసాగారు. అది చూసి, హోసూరునుంచి వీడియో తీసుకోవడానికి వచ్చిన ఒకావిడ ఫోను సంచిలో వేసుకుని వచ్చి ఒక కట్టె అందుకుంది. ఆమె వెనక ఇంకొకరు వచ్చారు. ఇందాక ఇల్లెక్కడని అడిగిన కుర్రాడు కూడా కర్రకున్న ఫోను విప్పి జేబులో పెట్టుకుని, ఎక్కడ పట్టుకోవాలని సైగతో అడిగాడు. ఇక తీయడానికి ఏముంది? గాలి ఉంది, ఎండ ఉంది, ఒక నల్ల కంబళి ఉంది. దాని వెనక సన్నటి గురక ఉంది.

ఎండ అడవి వైపుకు వాలింది. అప్పుడు గొర్రెల కాపరి మాదేశ్ మంద మేతనుంచి తిరిగి వచ్చింది. దాని దారి గుడి ముందునుంచే. జనం చప్పుడు చేయకుండా పక్కకు జరిగారు. గొర్రెలు మెత్తగా, గుంపుగా వచ్చి, ఏటి నీళ్లు బండను చుట్టినట్టు కంబళ్ల చుట్టూ రెండుగా చీలి, అవతల మళ్లీ ఒకటై పోతున్నాయి. నిద్రలో మంజుశ్రీ ఆ గిట్టల చప్పుడు వింది. ఆమెకు రాగిచేలమీద వాన పడుతోంది. తానే ఆ చేను, తన మొహమంతా పచ్చటి ఆకు. వాన దేన్నీ తేరిపార చూడకుండా అన్నిటి మీదా ఒకేలా కురుస్తోంది.

గొర్రెపిల్ల ఒకటి కంబళి అంచు కింద తల దూర్చి, లోపల పడుకున్న మనిషిని కాసేపు చూసి, తల్లి అరిస్తే మందలోకి పరుగెత్తింది.